మర్చీనియాక్ తూకం

మా ఎలమంచిలిలో 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ ముచ్చట వస్తే గోల్స్ గురించి ఎవరికీ పేచీ ఉండదు. పేచీ అంతా ఆ మొదటి పెనాల్టీ దగ్గరే. ‘‘అంతమాత్రం తగిల్తే ఇచ్చేత్తారేటి?’’ అని ఒకరంటే, ‘‘తగిలిందా లేదా, అది చెప్పు ముందు’’ అని ఇంకొకరు. తేలదు. తేలాలంటే ఆ ఆట మళ్లీ చూడాలి. మెస్సీనీ ఎంబాపేనీ కాసేపు వదిలేసి, ఈల పట్టుకున్న మనిషిని చూడాలి.

ఆయన షిమోన్ మర్చీనియాక్, పోలెండ్ వాడు. అప్పటికి 41 ఏళ్లు. ప్రపంచకప్ ఫైనల్‌లో ఈల వేసిన మొదటి పోలిష్ రిఫరీ. గుండె దడ జబ్బుతో అంతకుముందు యూరో కప్‌కే వెళ్లలేకపోయాడు. ఖతార్‌లో మాత్రం ఫైనల్‌కి ముందే ఫ్రాన్స్ ఆడిన మ్యాచ్ ఒకటి, అర్జెంటీనా ఆడిన మ్యాచ్ ఒకటి నడిపాడు. ఎవరు ఎలా పడతారో, ఎవరు ఎక్కడ గొడవకి దిగుతారో దగ్గరగా చూసినవాడే.

ఫైనల్లో మొదటి అరగంట కాకముందే అర్జెంటీనా ఆటగాడు డి మరియా ఫ్రాన్స్ బాక్సులోకి దూసుకెళ్లాడు. వెనకనుంచి దెంబెలె కాలు తగిలింది, ఆయన పడ్డాడు. పెనాల్టీ. దెబ్బ గట్టిగా తగలలేదన్నది నిజమే. కానీ రూలు బలాన్ని అడగదు. ప్రత్యర్థి కాలికి అజాగ్రత్తగా అడ్డం వచ్చినా ఫౌలే. ఈ ఒక్క నిర్ణయాన్నే పట్టుకుంటే నాకూ కొంచెం మెత్తగా ఇచ్చినట్టే అనిపిస్తుంది. ఆ మెత్తదనం ఒక జట్టుకే పరిమితమైందా అన్నది అసలు ప్రశ్న.

కాలేదు. 79వ నిమిషంలో అర్జెంటీనా ఒటమెండి ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీని కిందపడేశాడు. అదే ఈల, అదే పెనాల్టీ. ఎంబాపే 80లో ఒకటి, 81లో ఇంకొకటి కొట్టి 2-2 చేశాడు. స్టేడియంలో ఎనభై వేలు దాటిన జనం. రెండు గోల్స్ ముందంజ నిమిషన్నరలో పోగొట్టుకున్న జట్టు ఒకవైపు, ఊపు మీదున్న జట్టు ఒకవైపు.

ఈ పనితనానికి శిఖరం నా లెక్కలో 87వ నిమిషం. అర్జెంటీనా బాక్సులో మార్కుస్ త్యురామ్ పడ్డాడు. ఇస్తే ఫ్రాన్స్‌కి కప్పు ఇచ్చినంత పని. ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టరు. చాలామంది రిఫరీలు అలాగే ‘‘లే, ఆడు’’ అని చెయ్యి ఊపేస్తారు. మర్చీనియాక్ అలా తప్పించుకోలేదు. పడినట్టు నటించావని ఎల్లో కార్డు తీశాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర రైతూ వ్యాపారీ ఇద్దరూ ముల్లునే చూస్తూ నిలబడతారు. అక్కడ తూచేవాడి చెయ్యి ఎలా ఉండాలో ఆ క్షణంలో ఈయన చెయ్యి అలా ఉంది.

ఎక్స్‌ట్రా టైమ్‌లో మెస్సీ 3-2 చేశాక, ఎంబాపే కొట్టిన బంతి మోంటియెల్ మోచేతికి తగిలింది. చెయ్యి ఒంటికి దూరంగా ఉంది. మూడో పెనాల్టీ, 118వ నిమిషంలో 3-3. మూడింటికి మూడూ మైదానంలో తనే ఇచ్చాడు, పక్కనున్న తెర దగ్గరికి పరిగెత్తకుండా. వీఏఆర్ (వీడియో రిఫరీ) ఉన్న కాలంలో ఇది చిన్న సంగతి కాదు. అవతల గదిలో ఇంకో కన్ను ఉందన్న ధీమాతో ఈలని వాయిదా వేసే అలవాటు ఇప్పుడు పెద్ద రిఫరీలకీ వచ్చింది.

ఆ రోజు లైన్ మీద ఉన్నవాళ్లలో ఒకరు తోమాష్ లిస్ట్‌కేవిచ్. ఆయన తండ్రి మిహావ్ 1990 ప్రపంచకప్ రోమ్ ఫైనల్లో లైన్స్‌మన్. అక్కడా అర్జెంటీనాయే, అక్కడ ఇద్దరు ఆటగాళ్లు రెడ్ కార్డుతో బయటికి పోయారు. ఖతార్ ఫైనల్ జరిగిన లుసెయిల్‌లో 120 నిమిషాలు, మూడు పెనాల్టీలు, పైగా షూటౌట్. ఒక్క రెడ్ కార్డూ లేదు.

మనవైపు నుంచి పెద్ద అంతర్జాతీయ పోటీలో ఈల వేసినవాడు హైదరాబాదు సయ్యద్ షాహిద్ హకీం. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం గారి కొడుకు, ఫిఫా రిఫరీ. 1988 ఆసియా కప్‌లో ఈల వేశారు, అదీ ఖతార్‌లోనే. తండ్రి పేరు తెలిసినవాళ్లకి కూడా కొడుకు ఈల సంగతి తెలియదు. రిఫరీ కీర్తి అంతే మరి.

మర్చీనియాక్ పనిలో తప్పు లేదనను. ఆయనే ఒప్పుకున్నాడు: అర్జెంటీనా ఆటగాడు అకూన్యా మొరటుగా అడ్డుకున్నప్పుడు, దెబ్బ తగిలినవాడికి ఏమైందోనని ఈల వేసి ఫ్రాన్స్ ఎదురుదాడిని ఆపేశాడు. అడ్వాంటేజ్ ఇవ్వాల్సిన చోటు అది. ఫ్రెంచి పత్రిక లెకీప్ ఇంకోటి పట్టుకుంది. మెస్సీ రెండో గోల్ లైను దాటకముందే అర్జెంటీనా సబ్‌స్టిట్యూట్లు మైదానంలో అడుగుపెట్టారని, కనుక గోల్ చెల్లదని. రూలు అక్షరాన్ని బట్టి ఆ వాదనకి బలం ఉంది. కాని గీత దగ్గర గంతులేసినవాళ్ల వల్ల ఆటకి వచ్చిన అడ్డేమీ లేదు. విలేకరుల ముందు మర్చీనియాక్ రూల్ బుక్ తియ్యలేదు, జేబులోంచి ఫోను తీశాడు. ఎంబాపే గోల్ వేళ ఏడుగురు ఫ్రెంచివాళ్లు మైదానంలో ఉన్న ఫొటో చూపించాడు. తర్వాతి ఏడాది జూన్ 10న ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కీ ఆయన్నే పిలిచారు.