తెరపై నల్లనీరు

అండమాన్ నేపథ్యంలో వచ్చిన మంచి చిత్రం ఏదైనా చెప్పమని సినీ ప్రియులైన మిత్రులు అడుగుతుంటారు. ద్వీపాలలో ఉద్యోగం చేస్తూ, చరిత్రను అభిమాన విషయంగా చదువుకున్న ఈ వ్యాసకర్తకు ఆ ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. జవాబు చెప్పడం తేలిక కాదు. ఈ ద్వీపాల పేరు తెరకు ఎక్కినంతగా ఈ ద్వీపాల బ్రతుకు ఎక్కలేదు. అయినప్పటికీ చూడదగినవి కొన్ని ఉన్నాయి. వాటి గుణదోషాలను పరిశీలించి, సాటి ప్రేక్షకులకు సూచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

'కాలాపాని' అనే మాటను హిందీ తెర చాలాకాలం కిందటే స్వీకరించింది. 1958లో రాజ్ ఖోస్లా దర్శకత్వంలో దేవానంద్ నటించిన 'కాలాపానీ' అపరాధ పరిశోధన కథ. హత్యానేరంపై శిక్ష అనుభవిస్తున్న తండ్రి నిర్దోషి అని నిరూపించడానికి కొడుకు సాగించే అన్వేషణ అందులోని ఇతివృత్తం. కథ నడిచేది హైదరాబాదులో. ద్వీపాలకూ ఆ కథకూ సంబంధం లేదు. యావజ్జీవ శిక్ష అనే అర్థంలోనే ఆ పేరు వాడబడింది. 1979లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించిన 'అండమాన్ అమ్మాయి' ఇందుకు భిన్నం. 'అండమాన్ కాదలి' అనే తమిళ చిత్రానికి అది తెలుగు రూపం. ఇక్కడ ద్వీపం ఒక అందమైన తెర మాత్రమే. కుటుంబ కథ మరే సముద్రతీరంలో జరిగినా పెద్దగా మారదు. ఒక చిత్రానికి ద్వీపం చెరసాల అయింది, మరొకదానికి విహారస్థలం అయింది. తరువాతి చిత్రాలు కూడా చాలావరకు ఈ రెండు దారులలోనే నడిచాయి.

ప్రియదర్శన్ 1996లో మలయాళంలో తీసిన 'కాలాపాని' మాత్రం మొదట చూడవలసిన చిత్రం. అది తెలుగులోకి కూడా అనువాదమై వచ్చింది. 1965లో ఒక యువకుడు పోర్ట్ బ్లెయిర్ చేరి, 1915 ప్రాంతంలో ఖైదీగా వచ్చిన తన బంధువు ఏమయ్యాడో పాత రికార్డులలో వెదకడంతో కథ ఆరంభమవుతుంది. చరిత్ర విద్యార్థికి ఈ ప్రారంభమే ఆత్మీయంగా తోస్తుంది. చేయని నేరానికి శిక్ష పడిన వైద్యుడు గోవర్ధన్‌గా మోహన్‌లాల్, ఖైదీ ముకుందన్‌గా ప్రభు, నిరీక్షించే భార్యగా టబు నటించారు. సంతోష్ శివన్ ఛాయాగ్రహణమూ, సాబు సిరిల్ కళాదర్శకత్వమూ జాతీయ పురస్కారాలు పొందాయి. 1906 నాటికి పూర్తయిన సెల్యులర్ జైలు ఏడు భవన విభాగాలలో నేడు నిలిచినవి మూడే. లేని వాటిని కూడా ప్రేక్షకుని మనసులో నిలబెట్టగలగడం ఆ ఇద్దరి ప్రతిభ. గానుగకు కట్టబడిన మనిషి దృశ్యాలను మరచిపోలేము.

అయితే ఒక పరిమితిని గుర్తించాలి. జైలరు డేవిడ్ బారీ చరిత్రలోని వ్యక్తి. చిత్రం అతనిని దుష్టత్వానికి ప్రతిరూపంగా నిలబెడుతుంది. ఒక దుర్మార్గుడు తొలగిపోతే న్యాయం జరిగినట్లు ప్రేక్షకుడు ఊరట పొందుతాడు. చరిత్రలో అలా జరగలేదు. ఆ క్రూరత్వం పని కొలతల పట్టికలలో, శిక్షల క్రమంలో, అధికారుల సంతకాలలో ఇమిడి ఉంది. బారీ కాలం ముగిసిన చాలా ఏళ్లకు, 1933 నాటి నిరాహార దీక్షలో బలవంతంగా ఆహారం ఎక్కించడం వల్ల ఖైదీలు మరణించారు. కాగితంపై సంతకం పెట్టడం వృత్తిగా గల మనవంటి వారు గమనించవలసిన విషయం ఇది. 2024లో రణదీప్ హుడా నటించి, దర్శకత్వం వహించిన 'స్వాతంత్ర్య వీర్ సావర్కర్' ఇదే జైలును చూపుతుంది. నటుడి శ్రమ మెచ్చదగినది. కాని ఒకే నాయకునిపై దృష్టి నిలపడంతో పక్క గదులలోని వారు నీడలుగా మిగిలిపోయారు.

ఉత్కంఠభరిత కథలు కోరేవారికి 2023 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన 'కాలాపానీ' ఏడు భాగాల ధారావాహిక తగినది. సమీర్ సక్సేనా, అమిత్ గోలానీ దర్శకులు. 2027లో ద్వీపాలలో అంతుచిక్కని వ్యాధి వ్యాపిస్తుంది. రాకపోకలు నిలిచిపోతాయి. పర్యాటకులు, వైద్యులు, పోలీసులు, టాక్సీ డ్రైవరు అందరూ ఒకే చిక్కులో పడతారు. మోనా సింగ్ వైద్యురాలిగా, అశుతోష్ గోవారికర్ లెఫ్టినెంట్ గవర్నరుగా నటించారు. కొద్దిమంది ఆదివాసుల క్షేమమా, అధిక సంఖ్యాకుల ప్రాణాలా అన్న ప్రశ్న పాలకుని బల్ల మీదికి వస్తుంది. ఇది కేవలం కల్పన కాదు. 1999లో జరవాలలో తట్టు వ్యాధి ప్రబలింది. బయటి మనిషి రాకే ఒక జాతికి ముప్పు కాగలదన్నది ఈ నేల నేర్పిన పాఠం. ధారావాహికలో ఆదివాసులకు 'ఒరాకా' అనే కల్పిత నామం ఇవ్వడం విజ్ఞత. లోపం ఏమంటే, వారు మన నీతికి పరీక్షగా నిలిచినంతగా, తమ మాట, తమ హాస్యం, తమ కోపం కలిగిన మనుషులుగా నిలవలేదు. 1974లో ఫిల్మ్స్ డివిజన్ కోసం ప్రేమ్ వైద్య తీసిన 'మ్యాన్ ఇన్ సెర్చ్ ఆఫ్ మ్యాన్' డాక్యుమెంటరీతో పోల్చి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. కానుకలతో తీరానికి చేరిన పడవల నుండి చూసిన చూపు అది. దాదాపు అర్ధశతాబ్దం తరువాత కూడా కెమెరా ఆ పడవ పూర్తిగా దిగలేదు.

ఇక తెరకు ఎక్కని కథల సంగతి. 1872 ఫిబ్రవరిలో హోప్‌టౌన్ రేవులో వైస్రాయి లార్డ్ మేయోను షేర్ అలీ అనే ఖైదీ పొడిచి చంపిన ఉదంతం, 1944 జనవరిలో జపాను సైన్యం హంఫ్రీగంజ్ వద్ద 44 మంది ద్వీపవాసులను కాల్చి చంపిన ఘటన, ఏ ఉత్కంఠ కథకూ తీసిపోవు.

తెలుగువారికి ఇంతకంటె దగ్గరి కథ ఒకటి ఉంది. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' చిత్రం నాయకుని మరణంతో ముగుస్తుంది. రంప పోరాట యోధులలో కొందరి అండమాన్ అధ్యాయం మొదలయ్యేది ఆ ముగింపు తరువాతనే. రాజు అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడ ప్రవాసశిక్ష అనుభవించి, స్వతంత్ర భారతంలో 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మన్యం నుండి సముద్రానికీ, చెరసాల నుండి పార్లమెంటుకూ సాగిన ఆ ప్రయాణంలో నాటకీయతకు కొరత లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. తమ నేలపై నడచిన తమ భాషవాని కథను వారు ఇంతవరకు తెరపై చూడలేదు.

కనుక మిత్రులకు ఈ వ్యాసకర్త సూచన ఇది. ముందు 1996 నాటి చిత్రం చూడండి. తరువాత 2023 నాటి ధారావాహిక చూడండి. ఒకటి గతం గురించి, మరొకటి రాబోయే కాలం గురించి అడిగేది ఒకే ప్రశ్న: ఒక మనిషి ప్రాణానికి దస్త్రంలో విలువ కట్టేది ఎవరు? ఆ ప్రశ్నతో ఒకసారి సెల్యులర్ జైలు వరండాలో నడిచి, గోడలపైని పేర్ల పట్టికలను చదవండి. తరువాతి చిత్రానికి కావలసిన కథ అక్కడే దొరుకుతుంది.