మాట ఇంటిది, దరువు ఊరిది

మహారాష్ట్రలోని షోలాపూర్‌లో అక్కల్‌కోట్ రోడ్డు వైపున్న నీలం నగర్ నేతకార్మికుల పేట. అక్కడివాళ్ల పండుగల వరుస చెబితే పాటల వరుస చెప్పినట్టే. సంక్రాంతికి ఊళ్లో సిద్ధేశ్వరుడి గడ్డా జాతర. సిద్ధేశ్వరుడంటే సిద్ధరాముడు, 12వ శతాబ్దంలో కన్నడంలో వచనాలు చెప్పిన శివయోగి. ఆషాఢ, కార్తీక ఏకాదశులకు ఇదే జిల్లాలోని పండరిపురం వైపు తాళాలతో సాగే వారకరీ యాత్రికులు, వాళ్ల మరాఠీ అభంగాలు. శ్రావణ పున్నమికి పద్మశాలీలు జంధ్యాలు మార్చుకుని తీసే మార్కండేయ రథం. భాద్రపదంలో గణపతి మండళ్ల లేజిం. ఆశ్వయుజం వచ్చిందంటే బతుకమ్మ. ఏడాది తిరిగేలోగా ఒకే వీధి మనుషుల చెవిన ఇన్ని భాషల పాటలు పడతాయి.

ఇంత కలగలుపు నేతపని వల్ల వచ్చింది. 1877లో షోలాపూర్‌లో తొలి బట్టల మిల్లు మొదలయ్యాక మరిన్ని వచ్చాయి. బతుకుతెరువు వెతుక్కుంటూ తెలంగాణ పల్లెల పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడికి చేరారు. చేమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాయి. చద్దర్లు, టవళ్లు ఊరికి పేరు తెచ్చాయి. ఆడవాళ్లు ఇంటి గడపలో కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టారు. పిల్లల చదువు చాలామటుకు మరాఠీలో సాగింది. తెలుగు మాట్లాడేవాళ్లలో తెలుగు అక్షరం చదవలేనివాళ్లు ఎందరో. పుస్తకం చేయలేని పని అక్కడ పాట చేసింది.

దేశంలోని భిన్న సంస్కృతుల గురించి చెప్పాల్సి వస్తే ఒక్కో రాష్ట్రం నుంచి ఒక్కో కళారూపాన్ని పిలిచి వేదిక మీద వరుసగా నిలబెట్టడం మనకు అలవాటు. జనం నోళ్లలో పాట అలా బతకదు. మాటను ఇంట్లో దాచుకుంటుంది, దరువును వీధిలోంచి తెచ్చుకుంటుంది. అది ఎలా సాధ్యమో తెలియాలంటే పాట కట్టుబడి చూడాలి.

బతుకమ్మ పాటనే తీసుకోండి. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, పేర్చిన పూల చుట్టూ తిరిగేవాళ్లు అందుకుంటారు. చరణాన్ని రెండుగా విరిచి, ప్రతి విరుపు దగ్గరా ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో పల్లవి మాట వేస్తారు. ఆ మాట పాడేలోపు ముందున్నామెకు తరువాతి చరణం గుర్తొస్తుంది. గుర్తు రాకపోతే అల్లుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అందుకే పురాణ కథైనా, అత్తింటి ఆరళ్లైనా, మొన్నటి కరువైనా అదే వరసలో ఒదిగిపోతుంది. వంగి చప్పట్టు కొట్టి, లేచి అడుగు వేయడంలోనే తాళమంతా ఉంది. తెలుగు రాని పక్కింటామెకైనా ఆ పల్లవి మాట ఒక్కటి పట్టుబడితే చాలు, వలయంలోకి రావచ్చు.

బతుకమ్మ ఆడే ఆశ్వయుజ నవరాత్రుల్లోనే మరాఠీ ఆడపిల్లలు భోండ్లా ఆడతారు. పీట మీద ఏనుగు బొమ్మ పెట్టి, చేయీ చేయీ పట్టుకుని చుట్టూ తిరుగుతూ పాడతారు. చివర ‘ఖిరాపత్’, అంటే ఆ రోజు ప్రసాదం ఏమిటో మిగతావాళ్లు ఊహించి చెప్పాలి. ఇక్కడ పూల గోపురం, అక్కడ ఏనుగు. వలయం ఒకటే, పుట్టింటి మీది బెంగా ఒకటే. ఒకటి వచ్చినవాళ్లకు రెండోది కొత్తగా నేర్పనక్కర్లేదు.

మగవాళ్ల కథాగానంలోనూ ఇలాంటి పోలికే కనిపిస్తుంది. బుర్రకథలో నడుమ కథకుడు భుజాన తంబురా, బొటనవేలికి అందెతో నిలబడతాడు. ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు నవ్విస్తారు, ఇంకొకరు నేటి రాజకీయాన్ని కథలోకి లాగుతారు. మరాఠీ పవాడాలో శాహీరు, అంటే గాయకుడు, డఫ్ పట్టి వీరగాథ ఎత్తుకుంటే, తుణ్‌తుణే మోగిస్తూ వెనకవాళ్లు వంత అందిస్తారు. రెండింట్లోనూ వంత పాడేవాడు ఉత్త తోడు కాదు. కథను ఆపి ప్రశ్నించేవాడూ, ‘అట్లాగా’ అని వినేవాళ్ల తరఫున ఆశ్చర్యపడేవాడూ అతడే.

1940లలో రెండు భాషల్లోనూ ఈ రూపాలు కూలీల సభల్లోకి వచ్చాయి. ప్రజానాట్యమండలిలో షేక్ నాజర్ బుర్రకథతో ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టాడు. షోలాపూర్ జిల్లా బార్శీలో పుట్టిన అమర్ షేక్, రచయిత అణ్ణాభావు సాఠేతో కలిసి లాల్ బావ్టా (ఎర్రజెండా) కళాపథకంలో పాడాడు. 1960లో మహారాష్ట్ర ఏర్పడేదాకా మరాఠీవాళ్లకు ఒకే రాష్ట్రం కోరిన సంయుక్త మహారాష్ట్ర సభల్లో ఆ మరాఠీ గొంతులు వినిపించాయి. ముస్లిం ఇళ్లలో పుట్టిన నాజర్, అమర్ షేక్‌లలో ఒకరు తెలుగువారి కథకూ మరొకరు మరాఠీల పాటకూ పెద్దదిక్కయ్యారు. పాట ఏ మతానిది, ఏ కులానిది అని గీత గీయబోయేవాళ్లకు వాళ్ల జీవితాలే జవాబు.

ఊరేగింపులో మాట వెనక్కి తగ్గి వాద్యం ముందుకు వస్తుంది. తెలంగాణ డప్పు, మరాఠీ హల్గీ రెండూ ఒకవైపే తోలు బిగించిన వాద్యాలు. మంట దగ్గర కాచి బిగువు తెస్తారు. రెండు పుల్లలతో వాయిస్తారు. ఆ దెబ్బకే లేజిం జట్టు అడుగు కలుపుతుంది. లేజిం అంటే కర్రకు గొలుసు, గొలుసుకు రేకు బిళ్లలు. చేయి విసిరినప్పుడు గలగల, అడుగు పడ్డప్పుడు ఝల్లు. కోలాటం తెలిసిన పద్మశాలీ కుర్రాడికి ఈ లెక్క అందడం ఎంతసేపు?

అయితే కలుపుగోలుతనం గురించి మురిసిపోతూ ఒక సంగతి దాటవేయకూడదు. డప్పు మాదిగలది, హల్గీ మాంగులది. ఊరేగింపుకు ముందు నడిచిన ఆ వాద్యగాళ్లను తరతరాలుగా ఊరి గుడి బయటే నిలబెట్టారు. అందరూ వాళ్ల దరువుకు చిందేశారు, వాళ్ల పక్కన కూర్చోలేదు. ఆ మాంగు (మాతంగ) కులంలోనే పుట్టిన అణ్ణాభావు సాఠే కలం పట్టాక, ఆ వాద్యగాళ్ల వాడల బతుకు మరాఠీ సాహిత్యంలోకి పాటగా, నవలగా నడిచి వచ్చింది. ఒక దేశం తన పాటల్లో ఎంత అందంగా కనిపిస్తుందో, వాటిని వాయించేవాళ్ల బతుకుల్లో అంత నిజంగా కనిపిస్తుంది.

సినిమా ఈ దరువులను మరింత దూరం మోసుకుపోయింది. ఇదే జిల్లా కర్మాళా ప్రాంతం నుంచి వచ్చిన నాగరాజ్ మంజుళే 2016లో మరాఠీలో ‘సైరాట్’ తీశాడు. సంగీత దర్శకులు అజయ్-అతుల్ అందులో ఊరేగింపు ఊపుకు పాశ్చాత్య వాద్యబృందాన్ని జత చేశారు. అందులోని ‘ఝింగాట్’ పాట మరాఠీ రానివాళ్ల పెళ్లిళ్లలోనూ మోగింది. 2023లో తెలుగులో ‘బలగం’ చివర బుడగజంగాల కథాగానం పెట్టారు. థియేటర్లలో జనం ఏడ్చారు. రెండు చిత్రాలూ తమ జిల్లా యాసను దాచుకోలేదు. పాట ఎంత ఊరిదిగా ఉంటే అంత దూరం పోతుందని రెండూ రుజువు చేశాయి.

ఇప్పుడు ఊరేగింపుల్లో డీజే పెట్టెలు వచ్చాయి. చప్పుడు పెద్దదైందన్నది చిన్న ఫిర్యాదు. అసలు నష్టం వంతకు చోటు లేకపోవడం. రికార్డు చేసిన పాటలో చరణానికీ చరణానికీ మధ్య ఖాళీ ఉన్నా అది ముందే నింపి ఉంటుంది. అల్లేవాళ్లు లేరు, అందుకునేవాళ్లు లేరు; ఎగిరేవాళ్లు మాత్రమే మిగిలారు. బతుకమ్మ దగ్గర స్పీకరు పెట్టినచోట పెద్దామెకు నోరు విప్పే అవసరమే రాదు. ఆమె మానేస్తే ఆమెతో పాటు కొత్త చరణం కట్టే విద్యా ఆగిపోతుంది.

కాబట్టి పాట ఎంత పాతదన్నది, ఎంతమంది విన్నారన్నది దాని విలువ చెప్పలేవు. భాష రాని మనిషి రెండో చరణానికల్లా గొంతు కలపగలడా, భాష వచ్చిన మనిషి మూడో చరణం తానే కట్టగలడా అని చూడాలి. నీలం నగర్‌లో మండళ్లు నడిపేవాళ్లకు ఇది చేతనైన పనే: స్పీకరు కాసేపు ఆపి, చరణం ఎత్తుకునేవాళ్లకు ముందు వరసలో చోటివ్వడం.