భుజానికెక్కే పడవ

అడవి బాటలో ఎదురుగా ఒక పడవ నడిచి వస్తోంది. బోర్లా పడిన పడవ, కింద రెండు కాళ్లు. తల కనబడదు. పక్కకు తప్పుకుని దారివ్వాల్సింది మనమే, బరువు మోసేవాడికి మొదటి హక్కు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దు సరస్సుల దగ్గర ఎండాకాలమంతా ఇదే దృశ్యం. ఒక సరస్సు అయిపోతుంది. రెండోదానికి మధ్య రాళ్లూ, బురదా, చెట్ల వేళ్లూ. పడవ దిగి, దాన్నే నెత్తికెత్తుకుని అవతలి నీళ్ల దాకా నడవాలి. ఈ నడకనే పోర్టేజ్ అంటారు. ఫ్రెంచి మాట, మోత అని అర్థం.

ఈ పడవ పేరు కెనూ. కెనూ విద్య అంటే తెడ్డు వేయడమే అనుకుని వెళ్లాను నేను. అందులో సగం మోతే.

ఈ సీమలో 1975లో వాయేజర్స్ జాతీయ వనం ఏర్పడింది. రెయినీ, కాబెటోగామా, నమకాన్, శాండ్ పాయింట్ అనే నాలుగు పెద్ద సరస్సులు దానికి ఆయువుపట్టు. అక్కడ మోటారు పడవలూ తిరుగుతాయి. ఆ చప్పుడు గిట్టనివాళ్లు తూర్పున ఉన్న బౌండరీ వాటర్స్‌కు పోతారు. వెయ్యికి పైగా సరస్సులున్న అడవి అది. చాలా సరస్సుల్లో మోటారు నిషేధం. గుంపుకు తొమ్మిది మంది, నాలుగు పడవలు దాటకూడదు. ఆకాశానికి కూడా నియమం ఉంది. నీళ్ల మీద దిగే విమానాల రొద ఎక్కువైందని గొడవ జరిగాక, సముద్రమట్టానికి 4,000 అడుగుల లోపు ఎగరరాదని 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఆజ్ఞ ఇచ్చాడు.

వనానికి పేరిచ్చిన వాయేజర్లు బొచ్చు తోళ్ల వ్యాపారంలో తెడ్డు వేసిన ఫ్రెంచి కెనడియన్ కూలీలు. మన పడవవాళ్లకు హైలెస్సా ఎలాగో వాళ్లకూ తెడ్డు తాళానికి పాటలుండేవి. దూరాన్ని చిలుముల్లో లెక్కపెట్టేవారు, ఒకసారి ఆగి పొగ తాగాక మళ్లీ తాగేదాకా ఎంత దూరమో అంత. పోర్టేజ్ దగ్గర ఒక్కొక్కడు సుమారు 40 కిలోల మూటలు రెండు, నుదుటికి పట్టీ వేసి వీపున మోసేవాడు. పెద్ద మోత గ్రాండ్ పోర్టేజ్, ఎనిమిదిన్నర మైళ్లు. వాళ్ల పాటలు ఇప్పుడు ముచ్చటగా వినబడతాయి గానీ ఆ వెన్నుపూసల సంగతి తలుచుకుంటే ముచ్చట పోతుంది. 1842లో బ్రిటన్, అమెరికా ఒప్పందం చేసుకున్నప్పుడు ఇక్కడి సరిహద్దు గీత చాలావరకు ఈ పడవ దారి వెంటే పడింది.

అయితే ఆ పడవ వాళ్ల సొంతం కాదు. అది ఓజిబ్వేల వంటి ఆదివాసుల సృష్టి. ఓజిబ్వే భాషలో విగ్వాసి జీమాన్, అంటే బిర్చ్ పట్ట పడవ. బిర్చ్ మనకు పరాయిదేం కాదు, పూర్వులు రాతకు వాడిన భూర్జపత్రం ఆ చెట్టు హిమాలయపు దాయాదిదే. వేసవి మొదట్లో చెట్టులో రసం ఆడుతున్నప్పుడు పట్ట వలిస్తే పెద్ద పలకగా ఊడి వస్తుంది. చెట్టు మీద లోపలివైపున్న గోధుమరంగు ముఖం పడవకు బయటివైపుగా పెడతారు. స్ప్రూస్ వేళ్లు చీల్చి నానబెట్టి దారంగా కుడతారు. సెడార్ చెక్కను వేడినీళ్లతో వంచి పక్కటెముకలుగా బిగిస్తారు. కుట్ల మీద స్ప్రూస్ బంక, కొవ్వు, బొగ్గుపొడి కలిపి పూస్తారు. ఇనుప మేకు ఒక్కటీ అక్కర్లేదు. చిల్లి పడితే మరమ్మతు సరంజామా ఒడ్డునున్న అడవిలోనే ఉంటుంది. మన కొల్లేటి తాటి దోనె గట్టిదే, కానీ దాన్ని భుజాన వేసుకుని అడవి దాటమంటే ఎవరి తరం?

ఇప్పటివి అల్యూమినియంవీ కెవ్లార్‌వీ. కెవ్లార్ కెనూ ఇరవై కిలోల ప్రాంతంలో ఉంటుంది. ఎత్తే తీరు మాత్రం ఒకటే. పక్కన నిలబడి ముందు తొడల మీదికి లాక్కుని, ఒక్క ఊపున తల మీదుగా తిప్పి, నడిమి అడ్డకర్రను భుజాల మీద దించుకోవాలి. ఆ కర్ర పేరు యోక్, అచ్చంగా మన కాడి. పేరు తెలిశాక ఎద్దు మీద నాకు గౌరవం పెరిగింది.

తెడ్డు కిటుకు ఇంకొకటి. కుడివైపు వేస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. కొత్తవాళ్లు నాలుగు వేట్లకోసారి పక్క మార్చి సరస్సంతా పాములా తిరుగుతారు. మా బావా నేనూ మొదటిరోజు అలాగే తిరిగాం.

"బావా, రాయి! ఎడమకి పోనీ!" అని నేను అరిస్తే, "అరవకు, పోతోందిగా" అని ఆయన. పడవ రాయిని ముద్దుపెట్టుకుంది.

వెనక కూర్చున్నవాడు నేర్వాల్సింది జె స్ట్రోక్. తెడ్డు తుంటి దాటగానే పైచేతి బొటనవేలు నీళ్ల వైపు తిరిగేలా మణికట్టు మెలిపెట్టి, తెడ్డును పడవకు దూరంగా కాస్త నెట్టాలి. ఆ నెట్టుతో ముక్కు మళ్లీ దారికొస్తుంది. బలం నడుం నుంచి రావాలి, చేతుల్ని నమ్ముకుంటే గంటలో చచ్చుబడతాయి. మూడోరోజు బావ చేతిలో తెడ్డు చప్పుడు మానేసింది. ఇక తిట్టుకునే పని తప్పింది.

కెనూ కాక కయాక్ కూడా ఉంది. అది ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లది, సీల్ తోలు కప్పిన పడవ. కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొసల తెడ్డుతో నడుపుతారు. నీళ్లకు దగ్గరగా ఉంటుంది గనక గాలికి లొంగదు. రెయినీ వంటి విశాలమైన సరస్సుకు నేనైతే కయాకే తీసుకుంటాను, మోతలున్న దారికి తీసుకోను. పెద్ద నీటి మీద పొద్దున్నే బయల్దేరి, గాలి లేచేలోపు ఒడ్డు చేరడం మంచిది. అల వస్తే కాస్త ఏటవాలుగా ఎదుర్కోవాలి. మే నెలలో మంచు కరిగిన నీళ్లలో పడితే ఈత వచ్చినా కాళ్లూ చేతులూ కొంకర్లు పోతాయి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవ అడుగున పడి ఉంటే లాభం లేదు.

ఆగస్టు చివర ఓజిబ్వేలు ఇదే కెనూతో కోతకు వెళతారు. పంట మనోమిన్, సరస్సులో దానంతట అదే పెరిగే అడవి వరి. ఒకరు గడతో తోస్తుంటే, మరొకరు ఒక కర్రతో కంకుల్ని పడవలోకి వంచి, రెండో కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, నీళ్లలో రాలింది వచ్చే ఏటికి విత్తనం. పడవే కళ్లం.

అక్కడి పటాల్లో పోర్టేజ్‌ల పొడవు ఇప్పటికీ రాడ్లలోనే వేస్తారు. రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు. పటం మీద 80 అని చూసి నేను తేలిగ్గా తీసుకున్నాను. కాడి భుజం మీదికొచ్చాక, ఎనభై పడవలు ముక్కుకు ముక్కు ఆనించి పరిచినంత బాట అని అర్థమైంది. సామాను మూటలు ఇంకా వెనకొడ్డునే ఉన్నాయి.