కింది నుంచి పైకి చదవాల్సిన రాయి

1956 దాకా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాలు మారాయి గానీ మంజీర మారలేదు, నల్లరేగడి మారలేదు. అంగట్లో తెలుగు, కన్నడం, మరాఠీ కలగలిసిన మాటా మారలేదు. మాన్యఖేటం నుంచి రాష్ట్రకూటులు, ఆ తర్వాత కళ్యాణి నుంచి చాళుక్యులు ఏలిన ఈ సీమలో పల్లెటూరి యుద్ధ స్మారకం అంటే వీరగల్లే. పోరులో పడిపోయినవాడికి ఊరు నిలబెట్టిన రాయి అది. హనుమంతుడి గుడి పక్కనో, చెరువుకట్ట మీదో సున్నం, పసుపు పూసుకుని ఉంటుంది. ఏదో దేవుడనుకుని దండం పెట్టుకుని పోయేవాళ్లే ఎక్కువ. అదీ ఒకందుకు మంచిదే, లేకపోతే ఎప్పుడో ఎవరింటికో మెట్టయిపోయేది.

మూడు అరల వీరగల్లును కింది నుంచి చూసుకుంటూ పైకి పోవాలి. అడుగు అరలో యుద్ధం. వీరుడు అందరికన్నా పెద్దగా, మోకాలు వంచి, డాలు ముందుకు తోసి, కత్తి ఎత్తి ఉంటాడు. వెనక ఒక్కోసారి ఆవుల మంద కనబడుతుంది. మందను తోలుకుపోవడమే కయ్యానికి కాలు దువ్వడమైన రోజులవి. ఈ అరలో శిల్పి వేలెడు చోటు వదలడు. కింద పడ్డవాడు, గుర్రపు డెక్క, దూసుకొచ్చే బాణం అన్నీ ఇరుకిరుకుగా ఉంటాయి. చూసేవాడికి ఊపిరాడదు.

మధ్య అరకు వచ్చేసరికి గాలి తగులుతుంది. నా మటుకు రాయి ప్రాణమంతా ఇక్కడే. చెరో పక్కన అప్సరస, నడుమ వీరుడు. మన శిల్పి ఎగిరేవాళ్లకు రెక్కలు చెక్కడు. మోకాళ్లు మడిచి, పాదాలు వెనక్కి తిప్పి, పైటకొంగును ఒక వంపు తిప్పి వదిలేస్తాడు. అంతే, అంత నల్లరాయీ బరువు మరిచిపోతుంది. కింద పిడి బిగించిన చేతులు ఇప్పుడు వాళ్ల భుజాల మీద వాలాయి. కత్తి లేదు. ఒంటి మీద గాయం జాడైనా లేదు. వీరం నుంచి శాంతానికి ఒక్కసారిగా దూకించకుండా, మధ్యలో ఒక్క అడుగు శృంగారంలో వేయించాడు. అలంకార శాస్త్రం చదివాడో లేదో గానీ రసం తెలిసినవాడు.

పై అరలో శివలింగం, నంది, పూజారి. వీరుడు చేతులు జోడించి కూర్చున్నాడు. అడుగున శత్రువులకు రెట్టింపున్న మనిషి ఇక్కడ పూజారంతే ఉన్నాడు. చుట్టూ చెక్కని రాయి. ఆ పైన సూర్యచంద్రులు.

కొన్నిచోట్ల దగ్గర్లోనే, సహగమనం చేసిన భార్యకు నిలిపిన సతీకల్లు కూడా ఉంటుంది. మోచేతి దగ్గర పైకి మడిచిన ఒంటి చెయ్యి, దాని నిండా గాజులు. ఆ గాజుల పనితనాన్ని మెచ్చుకుందామంటే నోరు రాదు.

1918 తర్వాత ఇంగ్లండు, ఫ్రాన్సు పల్లెల్లో లేచిన స్మారకాల మీద పేర్ల వరుసలే ముఖ్యం. అంతకు పదహారు వందల ఏళ్ల కిందటే నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాల మీద చనిపోయినవారి పేర్లు చెక్కారు. పల్లెల్లోని వీరగల్లుల్లో మాత్రం చాలావాటికి అక్షరమే లేదు. శిల్పి పేరు సరేసరి. ఊరికి తెలిసినవాడికి పేరుపలకెందుకు అనుకుని ఉంటారు. పేరు పోయినా పూజ నిలిచింది. పల్నాటి కారెంపూడిలోనైతే వీరుల గుడే ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు మొదలుపెట్టి అయిదు రోజులు ఆయుధాలకు కొలుపు చేస్తారు.

పూజ తప్పకూడదన్న పట్టింపు ఎంతటిదో మైసూరు సీమలోని ఆతకూరు రాయి చెబుతుంది. మాన్యఖేటపు మూడో కృష్ణుడు 949లో తక్కోలం దగ్గర చోళులను ఓడించిన కాలం నాటిది. ఆ రాతి మీది వీరుడు కాళి అనే వేటకుక్క. పెద్ద అడవిపందిని పట్టి, దానితోపాటే చచ్చింది. పందితో అది కలబడ్డ తీరు రాతి మీదే చెక్కి ఉంది. దాని పేర భూమి రాసిచ్చారు. ఆ రాయికి పూజ చేయకుండా అన్నం తిన్న పూజారికి కుక్క చేసిన పాపాలన్నీ చుట్టుకుంటాయని శాసనంలో శాపమూ పెట్టారు.