మధ్యలో ఎవరూ లేని అల్లిక

జీమెయిల్ నుంచి యాహూకు ఉత్తరం వెళ్తుంది. ఫేస్‌బుక్‌లో ఉన్నవారు మాత్రం ఎక్స్‌లో ఉన్నవారిని అనుసరించలేరు. ఈ అడ్డు సాంకేతికంగా తప్పనిసరి కాదు, కంపెనీలు కట్టుకున్న గోడ. ఆ గోడ లేకుండానే సామాజిక మాధ్యమం నడుస్తుందని చేసి చూపించిన ఒప్పందం యాక్టివిటీపబ్. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దాన్ని 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. జర్మనీలో పెరిగిన యూజెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన మస్టొడాన్ అనే సామాజిక మాధ్యమ సాఫ్ట్‌వేర్, 2017లోనే పాత పద్ధతి నుంచి దీనికి మారింది. ఇలా కలిసి పనిచేసే వేలాది సర్వర్ల సముదాయాన్నే ఫెడివర్స్ అంటున్నారు. దాని ఆశయాల గురించి చాలామంది రాశారు. నన్ను కట్టిపడేసింది దాని పనితనం.

మస్టొడాన్‌లో మనిషి చిరునామాకు రెండు భాగాలు: తన పేరు, తన సర్వర్ పేరు. ఆ చిరునామాను వెతికితే మన సర్వర్ నేరుగా అవతలి సర్వర్‌నే అడుగుతుంది, ఈ పేరుగలవారు మీ దగ్గర ఉన్నారా అని. మధ్యలో ఉమ్మడి జాబితా ఏదీ లేదు. జవాబుగా ఆ ఖాతా వివరాల పత్రం ఎక్కడుందో తెలుస్తుంది. అందులో ఒక ఇన్‌బాక్స్, ఒక ఔట్‌బాక్స్, ఒక పబ్లిక్ కీ ఉంటాయి. మీరు పోస్టు రాయగానే మీ సర్వర్ దాన్ని ‘ఫలానావారు ఫలానాది రాశారు’ అనే చిన్న సమాచారంగా మలిచి, మీ తరఫున డిజిటల్ సంతకం పెట్టి, అనుచరుల సర్వర్లకు పంపుతుంది. అందుకున్న సర్వర్ ఆ సంతకాన్ని పబ్లిక్ కీతో సరిచూసుకుంటుంది. మెచ్చుకోవడం, పంచుకోవడం, అనుసరించడం, తొలగించడం, అన్నీ ఇదే అచ్చులో వెళ్తాయి: ఎవరు, ఏం చేశారు, దేన్ని. ఇంత కొద్ది సామగ్రితో ఇంత పెద్ద కట్టడం నిలబెట్టడం మామూలు నేర్పు కాదు.

వివరాల్లోకి వెళ్లేకొద్దీ గౌరవం పెరుగుతుంది. ఒకే సర్వర్‌లో మీకు రెండువందల మంది అనుచరులుంటే పోస్టు రెండువందల సార్లు వెళ్లనక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్క శుభలేఖ ఇచ్చినట్టు, ఆ సర్వర్ ఉమ్మడి ఇన్‌బాక్స్‌కు ఒక్క ప్రతి వెళ్తే చాలు, అది అందరికీ పంచుతుంది. అవతలి సర్వర్ ఆ సమయానికి పనిచేయకపోతే మస్టొడాన్ విరామం పెంచుకుంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏడు వేర్వేరు రోజుల్లో విఫలమయ్యాకే పంపడం ఆపుతుంది. సాధారణంగా ఒక పోస్టుకు 500 అక్షరాల పరిమితి. ఎంత పొడవైన లింకైనా 23 అక్షరాలుగానే లెక్క. ఎవరినైనా ప్రస్తావిస్తే వారి పేరు లెక్కలోకి వస్తుంది, వారి సర్వర్ పేరు రాదు. పొడవైన పేరున్న సర్వర్‌లో చేరినందుకు ఎవరికీ నష్టం కలగకూడదన్నమాట. ఇక ‘తెలుగు’ అని రాస్తే కొమ్ములనూ ఎత్వాన్నీ విడదీసి ఆరు అనదు, మూడే అంటుంది. గుణింతపు గుర్తులను వేరే అక్షరాలుగా లెక్కపెట్టని ఇలాంటి సాఫ్ట్‌వేర్ చూస్తే ముచ్చటేస్తుంది.

చిక్కులు కూడా ఈ నిర్మాణంలోంచే పుడతాయి. మధ్యలో ఎవరూ లేరంటే అంతా తెలిసినవారూ ఎవరూ లేరు. ఒక పోస్టుకు అసలు సర్వర్‌లో నలభై జవాబులున్నా మీ సర్వర్‌లో నాలుగే కనిపించవచ్చు. తప్పిపోయిన జవాబులను వెళ్లి తెచ్చుకోవడం మస్టొడాన్ 2025లోగానీ మొదలుపెట్టలేదు. మీరు పోస్టు తొలగిస్తే మీ సర్వర్ అందరికీ ఆ కబురు పంపుతుంది, పాటించడం అవతలివారి ఇష్టం. వ్యక్తిగత సందేశాలకు పూర్తి రక్షణ లేదు, రెండువైపుల సర్వర్ల నిర్వాహకులూ తలచుకుంటే చదవగలరు. ఈ చివరిది వాడేవారికి ముందే గట్టిగా చెప్పాల్సిన విషయం.

అన్నిటికన్నా బరువైనది సర్వర్ నడిపేవారి భారం. 2022 అక్టోబరు చివర ఈలాన్ మస్క్ ట్విట్టర్‌ను (ఇప్పటి ఎక్స్) కొన్నాక, మస్టొడాన్ నెలవారీ వాడకందారులు సుమారు 3 లక్షల నుంచి 25 లక్షలకు చేరారని రోచ్కో ప్రకటించారు. ఆ తాకిడిని కాచుకున్నది ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద సేవకులు. రాత్రివేళ సర్వర్ మొరాయిస్తే లేవాలి, ఫిర్యాదులు చదవాలి, ఎవరిని నిలిపేయాలో తేల్చాలి, బిల్లులు కట్టాలి. అలసి మూసేసినవారూ ఉన్నారు. ఖాతాను మరో సర్వర్‌కు మార్చుకుంటే అనుచరులు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. పైగా ఆ మార్పును పాత సర్వరే ప్రకటించాలి కాబట్టి, అది హఠాత్తుగా పోతే అనుచరులూ రారు. 2024 ఫిబ్రవరిలో క్వీర్ డాట్ ఏఎఫ్ అనే సర్వర్ పేరును తాలిబన్ ప్రభుత్వం రద్దు చేసింది. ‘ఏఎఫ్’ అఫ్ఘానిస్తాన్ డొమైన్ కాబట్టి ఆ అధికారం దాని చేతిలో ఉంది. మనిషి గుర్తింపును సర్వర్ పేరుకు కట్టేయడం ఈ పనితనంలో నాకు కనిపించే అసలు లోపం.

మన దేశానికీ ఇందులో ఒక అనుభవం ఉంది. 2019 చివర్లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసినప్పుడు ఎంతోమంది భారతీయులు మస్టొడాన్‌కు వెళ్లారు, ఆ ఊపు నిలవలేదు. ఏ సర్వర్ అన్న తొలి ప్రశ్నే కొత్తవారిని గుమ్మంలో ఆపేస్తుంది. 2023లో మస్టొడాన్ యాప్ తన సొంత సర్వర్‌నే ముందు చూపడం మొదలుపెట్టింది. గుమ్మం సులువైంది, కానీ జనం ఒకేచోట పోగయ్యే ప్రమాదం పెరిగింది. నాకు ఈ సర్దుబాటు నచ్చలేదు.

హెగ్డే ఉదంతం జరిగిన 2019లోనే గ్యాబ్ అనే అమెరికన్ సంస్థ మస్టొడాన్ కోడ్‌నే తీసుకుని వాడుకుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. కానీ ద్వేషపు రాతలకు పేరుపడ్డ ఆ సంస్థతో సంబంధాన్ని ఎన్నో సర్వర్లు ఎవరికివారే తెంచుకున్నాయి. ఒక్క కంపెనీ ఆజ్ఞ లేకుండా జరిగిన ఆ తిరస్కారం ఈ అల్లికలోని బలానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ.

మస్టొడాన్ తెర తెలుగులోనూ ఉంది, స్వచ్ఛంద అనువాదకుల చలవ. చేరదలచినవారు ముందు ఎంచుకున్న సర్వర్ పరిచయ పేజీ చదవండి. ఎవరు నడుపుతున్నారో, నియమాలేమిటో, ఖర్చు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. మీరు అనుసరించేవారి జాబితాను అప్పుడప్పుడు దించుకుని దాచుకోండి. నిర్వాహకులు విరాళం అడిగితే, ఎంత చిన్న మొత్తమైనా సరే, ప్రతి నెలా పంపండి.