బృందసంభాషణలో మనిషి గుర్తింపు: ఒక పరిశీలన

2024 జనవరిలో హాంగ్‌కాంగ్‌లోని ఒక ఇంజనీరింగు సంస్థ ఉద్యోగి వీడియో సమావేశములో పాల్గొనెను. ఆర్థికశాఖ ముఖ్యాధికారియు, సహోద్యోగులును తెరపై కనబడిరి. పరిచితమైన గొంతులే వినబడెను. వారి మాటపై ఆ ఉద్యోగి 15 విడతలుగా సుమారు 20 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు పంపివేసెను. తక్కినవారందరును కంప్యూటరు కల్పించిన బొమ్మలేయని తరువాత తేలినది.

ఇట్టి మోసమునకు సంభాషణను గట్టి రహస్యలిపిలో నడుపుటయే విరుగుడని తోచవచ్చును. అది సరికాదు. దారిలో పొంచియున్నవాడు చదువకుండ చేయుటయే రహస్యలిపి పని. కవరుకు లక్కముద్ర వేసినంతమాత్రమున, దానిని విప్పువాడెవడో తెలియదు గదా! మోసగానితో మాటలాడినను రహస్యము రహస్యముగనే యుండును.

ఈ లోటు తీర్చుటకు సిగ్నల్, వాట్సాప్ వంటి సాధనములలో ఒక ఏర్పాటు కలదు. ప్రతి ఫోనును ఒక రహస్య తాళపుచెవిని, దానికి జతగ ఇతరులకు తెలుపదగిన బహిరంగ తాళపుచెవిని తయారుచేసికొనును. ఇద్దరి బహిరంగ తాళపుచెవుల నుండి లెక్కగట్టిన 60 అంకెల సంఖ్య ఇద్దరికిని కనిపించును. ఎదురెదురుగ కూర్చుండి పోల్చుకొన్నప్పుడు అంకెలు కలిసినచో, నడుమ ఎవ్వరును దూరలేదన్నమాట. అదే సంభాషణలో ఆ సంఖ్యను పంపుకొని పోల్చుట వ్యర్థము; నడుమనున్నవాడు దానినే మార్చగలడు.

పద్ధతి శాస్త్రీయమే, చిక్కు ఆచరణలో నున్నది. ప్రతివారును ప్రతివారితో సరిచూచుకొనవలెనన్న 10 మందికి 10×9÷2, అనగా 45 జతలు. 40 మందికి 780. ఇంత శ్రమకు ఓర్చు బృందములు అరుదు. పైగా అంకెలు కలిసినను రుజువగునది ఫోనే గాని, దానిని పట్టుకొన్న మనిషి కాదు.

2023 జూలైలో బృందసందేశములకై ఆర్.ఎఫ్.సి. 9420 అను ప్రమాణము వెలువడినది. పెద్ద బృందములలో సయితము, సభ్యులు వచ్చి పోవునపుడెల్ల తాళపుచెవులను సులువుగ మార్చు విధానమిది, మెచ్చదగినది. కాని “ఈ తాళపుచెవి ఎవరిది?” అను ప్రశ్నను అది వేరొక గుర్తింపు సేవకు వదలినది. దీనిని లోపమనుట కంటె హద్దు తెలియుట యనుట న్యాయము. గణితము అంకెను అంకెతో పోల్చగలదు. మనిషికి బయటి సాక్ష్యము కావలె.

కాబట్టి సమావేశములో ఎవరైన డబ్బో, రహస్యమో అడిగినచో, తెరపై ముఖమును ఎంత పరీక్షించినను చాలదు. సమావేశము విడిచి, మునుపే తెలిసిన ఫోను నంబరుకు పిలిచి అడుగవలెను. మోసగాడు చూపిన దారిలో దొరకునది మోసగాని సాక్ష్యమే.