కిలో కిలోకీ లెక్క

దొరవారిసత్రం మీదుగా పోయే జాతీయ రహదారికి బరువుతో రెండు చుట్టరికాలున్నాయి. సూళ్లూరుపేట దాకా వెళ్లి ఎడమకు తిరిగితే పులికాట్ సరస్సు దాటి శ్రీహరికోట. తిరగకుండా తడ మీదుగా నేరుగా పోతే, మద్రాసు ఇంకా రాకముందే షోలవరం. మొదటిచోట రాకెట్లకు గ్రాముల లెక్క చూస్తారు. రెండోచోట, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద, 1950ల నుంచి 1980ల చివరి దాకా కార్ల పందేలు జరిగాయి. శ్రీహరికోట గురించి మా ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. షోలవరం సంగతి మరుగున పడిపోయింది. పందెం కారు బరువు తగ్గించే విద్య దక్షిణాదిలో గట్టిపడింది అలాంటి పందేల కోసమే, వాటికి కార్లు సిద్ధంచేసిన మద్రాసు, బెంగళూరు, కోయంబత్తూరు షెడ్లలోనే.

మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. అవి దేన్ని దిగుమతి చేసుకోవాలన్నా లైసెన్సు కావలసిన రోజులు. ఒకరిద్దరు సంపన్నులు విదేశీ సింగిల్ సీటర్లు తెప్పించుకున్నా, ఎక్కువమంది పందెంలోకి దించినవి ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లే. పెద్ద ఇంజను కొందామంటే బజారులో లేదు. ఉన్న ఇంజనుకు పదును పెట్టడం ఒక దారి, అది మోస్తున్న బరువు దించడం రెండో దారి. మొదటిదానికి లేత్ మిషను, చెయ్యి తిరిగిన పనివాడు, డబ్బు కావాలి. రెండోదానికి స్పానర్ల సెట్టు, ఓపిక ఉంటే మొదలుపెట్టొచ్చు. శక్తి కొనుక్కోలేని దేశంలో బరువు తగ్గించడమే సామాన్యుడికి అందుబాటులో ఉన్న వేగం. ఈ విద్యను నేను గౌరవించడానికి మొదటి కారణం ఇదే.

1982లో బెంగళూరులో సిపాని కంపెనీ డాల్ఫిన్ అనే చిన్న కారు తెచ్చింది. ఇంగ్లండులోని రిలయంట్ కిట్టెన్ కారుకు మన దేశపు రూపం అది. బాడీ అంతా ఫైబర్, 848 సీసీ ఇంజను మొత్తం అల్యూమినియం. సంసారానికి కొనుక్కున్నవాళ్లు దాన్ని పెద్దగా మెచ్చుకోలేదు. ర్యాలీలవాళ్లు మాత్రం వెంటనే పట్టుకున్నారు. అంబాసిడర్లో సగం బరువు కూడా లేని ఆ కారు మట్టిరోడ్ల మలుపుల్లో పెద్ద కార్లను వెనక్కి నెట్టేసింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక డాల్ఫిన్ మూలపడింది గానీ, అది నేర్పిన పాఠం షెడ్లలో మిగిలిపోయింది.

ఆ పాఠాన్ని అందరికంటే బాగా చదివినవాడు సుందరం కరివర్ధన్. కోయంబత్తూరులో మిల్లులు నడిపిన తెలుగు నాయుళ్ల కుటుంబం నుంచి వచ్చి, షోలవరంలో తానే పందేలు ఆడి, కార్లు తానే గీసి కట్టించాడు. 1980ల చివర మారుతి 800 ఇంజనుతో, ఇనుప పైపుల చాసిస్‌తో ఫార్ములా మారుతి అనే సింగిల్ సీటర్ తయారుచేశాడు. దాంతో మామూలు సంపాదన ఉన్న ఇళ్ల పిల్లలకు కూడా నిజమైన రేసు కారు అందింది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే.

పైపుల చాసిస్ ఎందుకన్నది మా ఊరివాళ్లకు చెప్పడం తేలిక. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టులో ఏటా కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు అంత పెద్ద ఒళ్లు వేసుకుని గంటల తరబడి ఎగురుతాయి. వాటి ఎముకలు లోపల గాలి నిండిన గొట్టాలు. ఇనుముకూ అదే సూత్రం. 20 మిల్లీమీటర్ల గట్టి కడ్డీ ఒకటి, 38 మిల్లీమీటర్ల వ్యాసంతో రెండున్నర మిల్లీమీటర్ల మందమున్న గొట్టం ఒకటి తీసుకుని తూచితే గొట్టమే పదో వంతు తేలిక. వంచబోతే మాత్రం గొట్టం కడ్డీ కంటే ఐదున్నర రెట్లు గట్టిగా నిలుస్తుంది. లోహాన్ని మధ్యలోంచి తీసి అంచుకు చేర్చడం వల్ల వచ్చిన లాభం ఇది. అందుకే మంచి చాసిస్‌లో బరువు తగ్గించడమంటే బలం తగ్గించడం కాదు.

ఇక శక్తి, బరువుల లెక్క. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు, ఇంజను సుమారు 39 హార్స్‌పవర్. అదే ఇంజనును 500 కిలోల బండికి బిగిస్తే, 650 కిలోల కారులో 51 హార్స్‌పవర్ పెట్టినట్టే లెక్క. అయితే పన్నెండు హార్స్‌పవర్ కలిసొచ్చాయని సంబరపడి ఊరుకుంటే అసలు లాభం గమనించనట్టే. ఇంజను శక్తి పనికొచ్చేది యాక్సిలరేటర్ తొక్కినప్పుడే. తేలికదనం బ్రేకు తొక్కినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, టైరు అరిగేటప్పుడు కూడా పనిచేస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ప్రతి 100 కిలోల బరువూ దాదాపు 55 కిలోజౌళ్ల శక్తిని మోస్తుంటుంది. లీటరు నీళ్లను 13 డిగ్రీలు వేడెక్కించేంత. కారు పూర్తిగా ఆగాలంటే ఆ వేడంతా బ్రేకుల్లోకి దిగాలి. ట్రాక్ మీద ప్రతి ల్యాప్‌లోనూ గట్టిగా బ్రేకు వేయాల్సిన మలుపులు కొన్ని ఉంటాయి, డిస్కులు చల్లారే లోపే తర్వాతిది వచ్చేస్తుంది. టైరు సంగతి మరీ ముఖ్యం. దాని మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందువల్ల తేలిక కారు అవే టైర్లతో మలుపును ఎక్కువ వేగంతో దాటుతుంది.

పని మొదలయ్యేది కాటా దగ్గర. నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు పలకలు పెట్టి ఏ మూల ఎంత ఉందో రాసుకుంటారు. విప్పిన ప్రతి వస్తువునూ తూచి పుస్తకంలో ఎక్కిస్తారు. స్టెప్నీ, జాకీ, వెనక సీటు, కార్పెట్, డిక్కీ లైనింగ్ ముందు పోతాయి. వాటిని తీయడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. తర్వాత ఫ్లోర్‌కు అంటించిన తారు షీట్లు. చప్పుడు రాకుండా కంపెనీ వేసినవి అవి. గీకితే ఊడవు, వేడిచేస్తే బంకలా సాగుతాయి. వాటి మీద డ్రై ఐస్ పరుస్తారు. సున్నాకు 78 డిగ్రీలు కింద ఉండే ఆ చల్లదనానికి తారు గాజులా పెళుసైపోతుంది, సుత్తితో తడితే పెంకులు పెంకులుగా లేస్తుంది. డ్రై ఐస్ నుంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్. తలుపులు మూసిన షెడ్డులో ఈ పని చేయకూడదు, వట్టి చేతులతో అసలే ముట్టుకోకూడదు.

ఏసీ కంప్రెసర్, కండెన్సర్, పైపులు కలిపి పదిహేను కిలోలు దాటడం మామూలే. సీసపు బ్యాటరీ పన్నెండు, పదిహేను కిలోలుంటే దాని బదులు పెట్టే లిథియం బ్యాటరీ అందులో మూడో వంతు కూడా ఉండదు. కంపెనీ సీటు తీసి ఫైబర్ బకెట్ సీటు బిగిస్తే సగానికి పైగా మిగులుతుంది, డ్రైవర్ కూడా మలుపుల్లో జారకుండా కూర్చుంటాడు. పక్క అద్దాలు, వెనక అద్దం పాలికార్బొనేట్‌వి వేస్తే సాంద్రత సగం లోపే. ముందు అద్దం జోలికి మాత్రం పోరు. పాలికార్బొనేట్ మీద వైపర్ గీతలు పడతాయి, లామినేట్ చేసిన గాజు దెబ్బ తగిలినా ముక్కలు విడిపోకుండా పట్టుకుంటుంది. జర్మనీవాళ్లు 1973 నాటి పోర్షే 911 కరేరా ఆర్‌ఎస్‌లో పలచటి రేకు, పలచటి గాజు వాడి, వెనక సీట్లు తీసేసి, తలుపు లాగడానికి తోలు పట్టీ పెట్టి మామూలు రకం కంటే సుమారు 100 కిలోలు దించారు. ఆ తోలు పట్టీని ఇప్పుడు సోకు కోసం పెట్టుకుంటున్నారు, అప్పుడది తూకం వేసి తీసుకున్న నిర్ణయం.

ఎన్ని కిలోలు తీశామన్న దానికంటే ఎక్కడివి తీశామన్నది పెద్ద ప్రశ్న. ఇక్కడ మళ్లీ శ్రీహరికోట వైపు చూడాలి. రాకెట్ మొదటి దశలో కిలో తగ్గిస్తే ఉపగ్రహానికి దక్కేది అందులో కొంతే. చిట్టచివరి దశలో కిలో తగ్గిస్తే కిలోకు కిలో దక్కుతుంది. 2024లో తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ నాజిల్‌కు కొలంబియం మిశ్రలోహం బదులు కార్బన్-కార్బన్ పదార్థం వాడే పద్ధతి తయారుచేసింది. ఆ భాగం బరువు 67 శాతం తగ్గింది, రాకెట్ 15 కిలోలు ఎక్కువ మోయగలుగుతుంది. కారులో అలాంటి చోట్లు రెండున్నాయి. ఒకటి చక్రం. అది ముందుకు కదలాలి, తిరగనూ తిరగాలి. అందుకే రిమ్ము అంచున ఉన్న కిలో, వేగం అందుకునేటప్పుడు రెండు కిలోలంత బరువవుతుంది. పైగా అది స్ప్రింగు కింద ఉంటుంది కాబట్టి రోడ్డు ఎగుడుదిగుళ్లకు టైరును ఎగరేస్తుంది. రెండోది పైకప్పు. ఎత్తున ఉన్న బరువు మలుపులో బయటి టైర్ల మీదికి ఒరుగుతుంది. ఒక్కటే కిలో తీసే వీలుంటే ఫ్లోర్ నుంచి కాక పైకప్పు నుంచో రిమ్ము నుంచో తీయమంటాను.

తీయకూడనివి కూడా ఉన్నాయి. చాసిస్‌కు, సస్పెన్షన్ చేతులకు డ్రిల్లుతో తూట్లు పొడిచి తేలిక చేశామనేవాళ్ల కారు ఎక్కకూడదు. తూటు అంచున చీలిక మొదలవుతుంది, అది ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. తలుపుల్లో ఉండే అడ్డ కడ్డీలు రోల్ కేజ్ (కారు లోపల బిగించే ఇనుప పైపుల పంజరం) లేకుండా తీయరాదు. ఎయిర్‌బ్యాగులు తీయాలంటే బకెట్ సీటు, బెల్టుల హార్నెస్, హెల్మెట్, కేజ్ అన్నీ ఉండాలి. రోల్ కేజ్ ముప్పై, నలభై కిలోలు తిరిగి ఎక్కిస్తుంది. ఆ నలభై కిలోలకు బాధపడేవాడు ఈ విద్య సగమే నేర్చుకున్నాడు. కేజ్ మనిషిని కాపాడుతుంది, చాసిస్ మెలిపడకుండానూ ఆపుతుంది.

ఇలా మార్చిన కారు ఇక రోడ్డుది కాదు. తయారీదారు ఇచ్చిన రూపం మారేలా వాహనాన్ని సవరించకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ట్రాక్ కారు ట్రైలర్ మీద ప్రయాణించాలి. షోలవరం పోయాక మద్రాసు క్లబ్బువాళ్లు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ కట్టుకున్నారు, 1990 నుంచి పందేలు అక్కడే. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరిగెత్తిన ‘ఫార్ములా ఈ’ ఎలక్ట్రిక్ కార్లు అంతకుముందు తరం కంటే 60 కిలోలు తేలిక. మోటార్లు, బ్యాటరీలు ఎంత పెరిగినా తూకం పట్టింపు పోలేదు.

కారు ఖాళీ అయ్యాక మరో పని మిగులుతుంది. బరువు తగ్గిన బండి పాత స్ప్రింగుల మీద ఎత్తుగా నిలబడుతుంది, వెనక భాగం బాగా తేలికైతే బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకుంటాయి. కాబట్టి స్ప్రింగులు, ముందు వెనకల బ్రేకు పంపకం మళ్లీ సరిచేసి, డ్రైవర్‌ను సీట్లో కూర్చోబెట్టి, ఆ రోజుకు కావలసినంత పెట్రోలే పోసి, నాలుగు మూలలా మళ్లీ తూస్తారు. ఇరవై లీటర్ల పెట్రోలు పదిహేను కిలోలు. ఐమూలగా ఎదురెదురుగా ఉన్న చక్రాల జతలు సమానంగా తూగేదాకా స్ప్రింగుల ఎత్తు తిప్పుతూనే ఉంటారు.

ఫార్ములా మారుతితోనే శ్రీపెరంబుదూరులో పందేలు మొదలుపెట్టిన కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. అప్పటి నియమం ప్రకారం డ్రైవర్‌తో కలిపి కారు సుమారు 600 కిలోలకు తగ్గకూడదు. జట్లు కారును అంతకంటే తేలికగా కట్టి, మిగిలిన బరువును టంగ్‌స్టన్ దిమ్మలుగా అడుగున, తమకు కావలసిన చోట బిగించేవి. డ్రైవర్ బక్కగా ఉంటే అన్ని దిమ్మలు ఎక్కువ పెట్టుకోవచ్చు. దాంతో డ్రైవర్లు కడుపు మాడ్చుకోవడం మొదలుపెట్టారు, పొడగరులకు అది నరకం. 2019లో ఆ లెక్క మార్చారు. డ్రైవరూ సీటూ కలిపి కనీసం 80 కిలోలుండాలని అప్పుడు నియమం పెట్టారు. తక్కువైతే ఆ లోటును సీటు దగ్గరే బరువు పెట్టి పూడ్చాలి, కారులో మరెక్కడా పెట్టడానికి వీల్లేదు.